పెదనాన్న పసుపు చుక్క

మా పెదనాన్న చుక్క పెట్టనిదే ఆ ఇంట్లో ఏ వస్తువుకూ మోక్షం ఉండేది కాదు. నేనేమీ ఎక్కువ చేసి చెప్పడం లేదు. గ్యాస్ పొయ్యి నాబ్ మీద ఒక పసుపు చుక్క, పొయ్యి అంచు మీద ఇంకో పసుపు చుక్క. రెండూ ఎదురెదురుగా వస్తే పొయ్యి కట్టేసినట్టు. మందు సీసా మూత మీద చుక్క ఉంటే దాని గడువు తేదీ చూసినట్టు. గొడుగు పిడి మీద చుక్క ఉంటే చువ్వలన్నీ సరిగ్గా ఉన్నట్టు. నేను బడికి తీసుకెళ్లే సంచీకి కూడా ఒక చుక్క ఉండేది. అదేమిటని తోటి పిల్లలు అడిగితే "మా పెదనాన్న చూశాడు" అనేదాన్ని. ఏం చూశాడో నాకూ తెలియదు.

ఆయన మా నాన్నకు స్వయానా అన్న. వాళ్ల వాటా, మా వాటా ఒకే మెట్లకు అటూ ఇటూ ఉండేవి కాబట్టి ఆయన చాదస్తం మా దాకా ధారాళంగా వచ్చేది. వృత్తి బోర్డులు రాయడం. బజారు మలుపులో సన్నటి కొట్టు, లోపల టర్పెంటైన్ వాసన, గోడ నిండా కుంచెలు తుడిచిన మరకలు. బోర్డు రాయడం పూర్తవగానే దాన్ని కొట్టు ముందు నిలబెట్టి, తను రోడ్డు దాటి అవతలికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని అక్కడినుంచి చూసేవాడు. దగ్గరగా చూస్తే రాసినవాడి కష్టమే కనిపిస్తుందట, అవతలి వైపునుంచి చూస్తేనే తప్పు కనిపిస్తుందట. లారీలవాళ్లు హారన్ కొట్టి తిట్టినా కదిలేవాడు కాదు. తృప్తి కలిగాక మళ్లీ రోడ్డు దాటి వచ్చి, బోర్డు కింద కుడి మూలన ఆవగింజంత పసుపు చుక్క పెట్టేవాడు. అది పడితేనే బోర్డు కొట్టు దాటేది. బజారంతా ఆయన్ని చుక్కల పెయింటర్ అనేది. "ఈయన బోర్డులకు చుక్కలు పెడతాడు, నాకు చుక్కలు చూపిస్తాడు" అని మా పెద్దమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా మనిషంత అక్షరాలు అచ్చయి వస్తుంటే, రోడ్డు దాటి చూసొచ్చే పెయింటర్ కోసం ఆగేదెవరు? కొట్టు మూసేశాడు. కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి, మంచం కింద పెట్టాడు. ఆ పైన ఇంట్లో కూర్చుని పెద్దమ్మను పీక్కుతిన్నాడు. చెంచాలకు చుక్కలు పడ్డాయి. బట్టలకు పెట్టే క్లిప్పులకు పడ్డాయి. ఒకరోజు పెద్దమ్మ మా తలుపు తోసుకుని వచ్చి, "ఇవాళ నా చెప్పులకు పెట్టాడే! రేపు నా నుదుటికే పెడతాడు" అని కూలబడింది. నవ్వుతూనే అంది గానీ ఆమె గొంతు బాగాలేదు. చుక్కలు పెట్టని వేళల్లో ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని తర్వాత చెప్పింది.

ఆయన్ని ఆ గోడ దగ్గరనుంచి లేపింది సీతాకోకచిలుకలు.

చదువయ్యాక నేను చేరిన కళ్లద్దాల దుకాణానికి నాలుగు అడుగుల దూరంలో పెద్ద తోట ఒకటుంది. అందులో సీతాకోకచిలుకల కోసం కట్టిన అద్దాల ఇల్లుంది. దాన్ని చూసుకునే మేడమ్ మా దగ్గరే కళ్లద్దాలు చేయించుకుంటుంది. అక్కడి తడికి అచ్చు కాగితాలు నిలవడం లేదని, మొక్కల పేర్లు రేకు మీద రాసేవాళ్లు దొరకడం లేదని ఒకసారి మాటల్లో అంది. నా నోరు ఊరుకుంటుందా? "మా పెదనాన్న ఉన్నాడు మేడమ్" అనేశాను. ఆయన వెళ్లాడు, రాశాడు. రాసిన ప్రతి రేకునూ మట్టిలో గుచ్చి, గది అవతలి మూలకు పోయి చూసి, వచ్చి చుక్క పెట్టడం మేడమ్ కంటపడింది. ఇంత ఓపిక ఉన్న మనిషి చేతిలో సీతాకోకచిలుకలుండే నా తీగల గది పెడతాను అందట. ముందు తాత్కాలికంగా, పని చూశాక పర్మనెంటు.

ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నా కళ్లద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. తుడుచుకునే లోపల ఏదో చెంపకు రాసుకుంటూ పోయింది. ఉక్కపోత, తడిమట్టి వాసన, ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు. ఏడాది పొడుగునా వేడీ వానా ఉండే అడవుల్లో, చెట్ల గుబురు అంచుల్లో బతికే సీతాకోకచిలుకల జాతి అది. ఆ అడవినే అద్దాల మధ్య చిన్న రూపంలో కట్టారన్నమాట. గోడల వెంట వేడినీళ్ల గొట్టాలు, పైన పొగమంచులా నీళ్లు చిమ్మే ముక్కులు, తీగె పందిళ్ల మీద అల్లుకున్న పాషన్ ఫ్రూట్ తీగలు. వాటి మధ్య నల్లటి పొడుగు రెక్కల మీద పసుపు చారలతో అవి తొందరేమీ లేనట్టు తేలుతున్నాయి. అక్కడివాళ్లు వాటిని చారల రెక్కలు అంటారు.

నాకసలే కుతూహలం ఎక్కువ, ఓపిక తక్కువ. ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. పెదనాన్న అప్పటికే వాటి గుట్టంతా లాగేశాడు.

"మిగతావి తేనె తాగి ఊరుకుంటాయే. ఇవి పుప్పొడి కూడా తింటాయి. అందుకే నెలల తరబడి బతుకుతాయి. అదిగో, దాని తొండానికి పసుపు పిండి అంటుకుంది చూడు."

"రాత్రిపూట ఎక్కడ పడుకుంటాయి?"

"ఆ ఎండుకొమ్మ మీద. సాయంత్రమయ్యేసరికి అన్నీ అక్కడికే చేరతాయి, ఒకదాని పక్కన ఒకటి. రోజూ అదే కొమ్మ. నువ్వు ఇంటికి రావడమైనా ఆలస్యమవుతుందేమో గానీ వాటికి కాదు."

"మరి రుచి? నాలుకుందా?"

"కాళ్లతోటే రుచి చూస్తాయే! ఆడది ఆకు మీద వాలి, ముందు కాళ్లతో టకటకా తడుతుంది. తన తీగో కాదో అలా తెలుసుకుంటుంది. దీని పిల్లలు వేరే ఆకు ముట్టవు మరి. ఈ తీగ లేకపోతే ఈ జాతే లేదు."

అలా చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా ఈయన అనిపించింది.

ఆయన పని చెప్పడానికి చిన్నది, చెయ్యడానికి పెద్దది. రోజూ పొద్దున్నే తీగల మీది చిగుళ్లన్నీ వెతకాలి. పిండినల్లి, పేనుబంక, చీమలు కనిపిస్తే మెత్తటి కుంచెతో దులిపెయ్యాలి. మందులు కొట్టడానికి వీల్లేదు, కొడితే సీతాకోకచిలుకలే ముందు పోతాయి. ఆయనకంటే ముందున్న మనిషి బద్ధకస్తుడు, చేతికందినవి చూసి మిగతావి వదిలేసేవాడట. మా పెదనాన్న సంగతి చెప్పాలా? చూసిన చిగురేదో చూడనిదేదో తెలియాలిగా. మేడమ్‌ను అడిగాడు. పిల్లలు బొమ్మలకు వాడే నీళ్ల రంగయితే ఎవరికీ హాని లేదు, పెట్టుకోండి అందామె. అంతే, వెతికిన ప్రతి చిగురు మీదా సన్న కుంచెతో ఒక పసుపు చుక్క. నీళ్లకు చెరిగిపోకుండా కొంచెం జిగురు కూడా కలిపాడు. తీగలు కడిగిన ముత్యాల్లా తయారయ్యాయి. భూతద్దం పెట్టినా పురుగు కనిపించేది కాదు. ఆ భూతద్దం కూడా మా దుకాణంలోదే, నేనే ఇచ్చాను.

పురుగులతో పాటు ఇంకోటి కూడా కనిపించడం మానేసింది. గుడ్లు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పాత గొంగళి పురుగులు ఎదిగి, గూళ్లు కట్టి, రెక్కలొచ్చి ఎగిరాయి. ఆ తర్వాత కొత్తవి లేవు. ఉన్నవాటి రెక్కలు అంచుల్లో చిరుగుతున్నాయి, రంగు వెలుస్తోంది. ఎన్ని నెలలు బతికినా వాటికీ ముసలితనం ఉంటుందిగా. ఎండుకొమ్మ మీద సాయంత్రం వరుస పొట్టిదవుతూ వచ్చింది.

మేడమ్ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. కోపంగా కూడా కాదు. ఈ చారల రెక్కలు పోతే మళ్లీ తెప్పించడం కుదరదు, తోట పెద్దలు ఆ గదిని ఎప్పటినుంచో చేపల తొట్లకు అడుగుతున్నారు. ఉన్న ఆడవి పోయేలోగా గుడ్లు పెట్టకపోతే గది వాళ్లకు ఇచ్చెయ్యాలి. గది లేకపోతే ఆ గది మనిషీ ఉండడు. అది ఆమె అనలేదు, ఈయనకే అర్థమయింది.

దానికి తోడు గేటు దగ్గర టికెట్లాయన ఒకడున్నాడు. వాడి నోట్లో మన్ను పడ! "ముందున్నవాడు ఏమీ చెయ్యకపోయినా గొంగళి పురుగులు కుప్పలు తెప్పలుగా ఉండేవి. నువ్వొచ్చాకేనోయ్ ఇట్లా. కొందరికి హస్తవాసి ఉండదు, ఏం చేస్తాం" అన్నాడట నవ్వుతూ. ఆ ఒక్క మాట పట్టుకుని మా పెదనాన్న అన్నం మానేశాడు.

"కొట్టు నా చేతిలో పోయింది. ఇదీ నా చేతిలోనే పోతోంది. నా చెయ్యి మంచిది కాదేమోనే" అన్నాడు నాతో, అరచేతులు రెండూ తిప్పి చూసుకుంటూ.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖమొస్తే నాకు కోపం రూపంలో వస్తుంది. "చెయ్యీ లేదు, గాడిద గుడ్డూ లేదు! ఆ టికెట్లాయన మాట నీకు వేదవాక్కయిందా?" అని కసిరాను. కసిరితే సమస్య తీరుతుందా? ఆయన పని ఇంకా పెంచాడు. ఒకసారి వెతికే చిగుళ్లను రెండుసార్లు వెతికాడు. కుండీలు ఎండలోకి జరిపాడు, గొట్టాల వేడి సరిచూశాడు. కొత్తగా మొలిచిన చిగురు ఊపిరి తీసుకోకముందే చుక్క పెట్టాడు. ఏం చేసినా గుడ్డు లేదు.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటే. తీగ అదే, వేడి అదే, సీతాకోకలు అవే. మారిందేమిటి? సెలవు పెట్టి మరీ వెళ్లి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఎడమ రెక్క కొస చిరిగిన ఆడది ఒకటుంది, పెదనాన్న దాన్ని చిరుగమ్మ అంటాడు. చిరుగమ్మ పందిరి దగ్గరికి వచ్చింది. ఒక చిగురు మీద వాలబోయి, రెక్కలాడిస్తూ కాసేపు దాని ముందే గాల్లో నిలబడి, పక్కకు పోయింది. రెండోదాని మీద వాలింది, కాళ్లతో తట్టింది, లేచిపోయింది. మూడోదీ అంతే. మొత్తం పందిరి తిరిగింది. పెళ్లికి బట్టలు కొనడానికి వచ్చినదానిలా అన్నీ ముట్టుకుని ఒక్కటీ తీసుకోలేదు.

"చూశావా, రోజూ ఇంతే. తీగ దానికి నచ్చుతోంది. తడుతుంది కదా! మరి ఎందుకు వదిలేస్తుందో" అన్నాడు పెదనాన్న.

చిరుగమ్మ పైకి లేచింది. కప్పు కింద వేడినీళ్ల గొట్టం మలుపు తిరిగే మూలన ఈ మధ్యే పాకిన తీగ కొస ఒకటుంది. దాని వెనక్కి వెళ్లి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. దాని వెంట ఇంకో ఆడది కూడా అటే పోయింది.

"అక్కడేముంది?" అన్నాను.

"ఏమో, నా మోకాలితో నిచ్చెన ఎక్కలేను. కిందినుంచే చూసి ఊరుకుంటున్నాను."

నేను నిచ్చెన తెచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని ఊపి, మెట్టు మెట్టూ చూసి, చుక్క ఉందని నిర్ధారించుకున్నాక గానీ నన్ను ఎక్కనివ్వలేదు. పైన వేడికి చెమటలు కారుతున్నాయి. గొట్టం వెనక చేత్తో తీగను పక్కకు జరిపాను. లేత చిగుళ్ల కొసల మీద, ఒక్కో చిగురుకు ఒక్కోటి చొప్పున, పసుపు చుక్కలు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం పెదనాన్నా, మోకాలు మోకాలు అంటూనే ఇంత పైకి ఎక్కి ఇక్కడ కూడా చుక్కలు పెట్టావా? పడితే పెద్దమ్మకు ఎవరు సమాధానం చెప్తారు?"

తల వంచి చూస్తే ఆయన నిచ్చెన పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"నేను ఎక్కలేదే" అన్నాడు.

నేను జేబులోని భూతద్దం తీసి పెట్టి చూశాను. అది రంగు కాదు. చిన్న పీపా, నిలువుగా నిలబడి ఉంది, ఒంటి నిండా సన్నటి గీతలు. నిచ్చెన మీదినుంచి పడబోయాను. "గుడ్లు! పెదనాన్నా, గుడ్లు!" అని అరిచాను. అద్దాల బయట నడుస్తున్న వాళ్లు కూడా ఆగి చూశారు.

ఆయన సంతోషంతో ఎగురుతాడనుకున్నాను. ఎగరలేదు. నన్ను దించి, గది అవతలి మూలకు నడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, కొట్టు ముందు బోర్డును చూసినట్టే తన పందిరిని చూశాడు. అక్కడినుంచి ఆకులు కలిసిపోయి కనిపిస్తాయి, పసుపు చుక్కలు మాత్రం విడిగా కనిపిస్తాయి. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. చిగురు చిగురుకూ ఒక గుడ్డు పెట్టి ఉన్నట్టే ఉంది.

"నిండిపోయిందనుకుంటోందే అది" అన్నాడు మెల్లగా. "ఎక్కడికి పోయినా ఎవరో ముందే పెట్టేశారనుకుంటోంది. నేనే దానికి చోటు లేకుండా చేశాను."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చుట్టూ చూశాను, గదిలో మేమిద్దరమే ఉన్నాం. "ఇందులో ఏముంది? తడిగుడ్డ తెస్తాను, ఇద్దరం కలిసి తుడిచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. నా బుద్ధి అంతే, ముందు మనవాళ్లను కాపాడుకుందాం అంటుంది.

"బోర్డులో తప్పు దొర్లితే కొట్టువాడికి చెప్పకుండా దిద్దుతామా? ఎన్నాళ్లు దాన్ని వేలాడదీసుకున్నాడో వాడికి తెలియాలిగా" అని నేరుగా మేడమ్ గదికి వెళ్లాడు. నేను వెనకాలే పరిగెత్తాను, అవసరమైతే పోట్లాడదామని.

మేడమ్ అంతా విని, వచ్చి, పందిరి చూసి, నిచ్చెన ఎక్కి గుడ్లు చూసి, దిగి, నుదురు కొట్టుకుంది. "ఈ పిల్లలు ఒక చిగురు మీద రెండు పడితే ఒకదాన్నొకటి తినేస్తాయి పెయింటర్ గారూ. అందుకని గుడ్డున్న చిగురు మీద తల్లి మళ్లీ పెట్టదు. కొన్ని రకాల పాషన్ తీగలకయితే ఆకుల మీద వాటంతట అవే పసుపు బుడిపెలు వస్తాయి, సీతాకోకల్ని మోసం చెయ్యడానికి. ఇదంతా నేను చదువుకున్నదే. ఆ చుక్కలు పెట్టుకోమన్నదీ నేనే. మీ మీద కోప్పడాలంటే ముందు నన్ను నేను కోప్పడాలి" అంది. పోట్లాటకు బిగించిన కొంగు నేను వదులు చేశాను. అయితే ఆమె వెంటనే ఇంకో మాట అంది. "గొట్టం దగ్గర ఆ కాసిని గుడ్లతో గది నిలవదు. వేడికి అవి బతుకుతాయో లేదో కూడా చెప్పలేను. ఆడవి ముసలివయ్యాయి. త్వరగా తుడవండి."

తుడిచాం. దూది నీళ్లలో ముంచి, చిగురు నలగకుండా, ఒక్కో చుక్కా. ఆయన పెట్టినదాన్ని ఆయనే చెరపడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మర్నాటినుంచి చుక్క లేకుండా చిగుళ్లు వెతకాల్సి వచ్చింది. ఒక చిగురు చూడగానే చెయ్యి తనంతట తాను చొక్కా జేబులోని కుంచె కోసం పోయేదట. కుంచె అక్కడ లేదు, పెద్దమ్మ చేత దాయించాడు. చూసిందే చూశానా, చూడనిది వదిలేశానా అని ఇంటికొచ్చాక కూడా సతమతమయ్యేవాడు. పెద్దమ్మకు జాలేసి, "పోనీ ఇంట్లో ఏదైనా చెంచాకు పెట్టుకోండి" అంది. అంత మాట ఆమె నోటివెంట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రోజులు గడుస్తున్నాయి. చిరుగమ్మ పందిరి దగ్గరికి రావడమే మానేసింది. ఎండుకొమ్మ మీద తక్కిన వాటికి దూరంగా, రెక్కలు ముడుచుకుని కూర్చుంటోంది. దాన్ని చూస్తూ ఈయన కూర్చుంటున్నాడు.

ఒకరోజు మా దుకాణం ఫోను మోగింది. నేను ఒకాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాను.

"పెట్టిందే!" అని అరుపు. "చుక్క పెట్టింది! పందిరి మీద, నా ముందే! ముసల్ది వచ్చి, తట్టి, తట్టి, తోక వంచి పెట్టింది. దాని పక్క చిగురు మీద ఇంకోటి పెడుతోంది. నువ్వు రావే, త్వరగా రా, మీ పెద్దమ్మను కూడా తీసుకురా!"

ఆ ఫ్రేము ఆ పెద్దమనిషి ముక్కు మీద వంకరగా వదిలేసి పరిగెత్తాను. పెద్దమ్మ ఆ అద్దాల ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. భూతద్దం కంటికి పెట్టుకుని చిగురు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఇదీ మీలాంటిదేనండీ," అంది. "ముట్టుకుని, తట్టి, పదిసార్లు చూసుకుంటే గానీ చుక్క పెట్టలేదు. దీని మొగుడు ఎట్లా వేగుతున్నాడో!"

ఆయన ఎంత నవ్వాడంటే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

చిరుగమ్మ ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. కానీ అది పెట్టినవి, మిగతా ఆడవి పెట్టినవి పగిలి పిల్లలయ్యాయి. గొంగళి పురుగులు పందిరిని నమలడం మొదలుపెట్టేసరికి చేపల తొట్ల మాట ఆగిపోయింది, పెదనాన్న పర్మనెంటయ్యాడు. టికెట్లాయన తనే వచ్చి, "నీ చేతిలో ఏదో ఉందోయ్" అన్నాడట. నేనైతే నాలుగు దులిపేదాన్ని. ఈయన టీ తాగించాడు.

ఆ గదికి కొత్త బోర్డు రాయమంది మేడమ్. మంచం కింద గుడ్డ మూట బయటికి వచ్చింది. నల్లటి రేకు మీద పసుపు అక్షరాలతో 'చారల రెక్కల గది' అని రాసి, తలుపు లోపలి వైపు, పందిరికి ఎదురుగా బిగించాడు. గది అవతలి మూలకు పోయి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి, సన్న కుంచెను పసుపు రంగులో ముంచి, కుడి మూల దగ్గరికి తెచ్చి, ఆగాడు. తర్వాత కుంచెను గుడ్డకు తుడిచేశాడు.

"అదేంటండీ, చుక్క పెట్టలేదేం?" అంది పెద్దమ్మ, నిజంగానే కంగారుపడుతూ.

ఆయన పందిరి వైపు చూశాడు.

"ఈ గదిలో ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నార్లే" అన్నాడు.